నాలుగు వంతెనలు తీసేసిన నాగమణి

మా నాగమణక్కకు కోపం వస్తే ముందు నవ్వు వస్తుంది. ఆ నవ్వు చూసి సంతోషంగా ఉందనుకుని దగ్గరికి వెళ్ళినవాళ్ళ పని అంతే సంగతులు. నేను తెనాలి మనిషిని, ఏదైనా అండీ అండీ అంటూ చెబుతాను. ఆవిడది జమ్మలమడుగు, మాట మీద మూత ఉండదు. కొండాపూర్‌లో టైల్స్ కొట్టు పైన ఉన్న మా చిన్న కంపెనీలో ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. కరెంటు ఆటోల మోటారును నడిపే కంట్రోలర్ బోర్డులు చేస్తాం. బోర్డు మీద రాగి దారులు ఎలా పోవాలో గీసేది నాగమణక్క. అందులో నడిచే ప్రోగ్రాం రాసేది నేను, కృష్ణప్రియను. బోర్డు కాలిన ప్రతిసారీ మొదట తిట్లు తినేది కూడా నేనే.

ఆవిడ ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కలేదు. ప్రొద్దుటూరులో డిప్లొమా చేసి, చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీలో లోహం కరిగించి వైర్లు అతికించే సోల్డరింగ్ పనికి చేరింది. బోర్డు నిండా పరిచిన రాగి పొర ఒకటి ఉంటుంది, దాన్ని గ్రౌండ్ ప్లేన్ అంటారు. పని చేసిన కరెంటంతా తిరిగి వెళ్ళేది దానిలోంచే. వైరు అతికే ప్యాడ్‌ను ఆ పొరకు నేరుగా కలిపేస్తే, సోల్డరింగ్ ఐరన్ ఇచ్చే వేడినంతా ఆ పొర లాగేసుకుంటుంది. సోల్డర్ సరిగా కరగదు, అతుకు పైకి బాగానే కనిపించి లోపల వదులుగా ఉండిపోతుంది. అలాంటి అతుకుల వల్ల సూపర్‌వైజర్ చేత నాగమణక్క తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. “దీన్ని గీసినోణ్ణి తెచ్చి ఈడ కూర్చోబెట్టండప్పా!” అని ఒకరోజు ఎదురు తిరిగింది.

తర్వాత ఆదివారాలు అమీర్‌పేటకు పోయి బోర్డు డిజైన్ నేర్చుకుని, ఆ గీసేవాళ్ళ కుర్చీలో తానే కూర్చుంది. కూర్చుంటూనే ఒట్టు పెట్టుకుంది. తన బోర్డు మీద ఏ ప్యాడూ రాగి పొరకు నేరుగా అతుక్కోదు. చుట్టూ నాలుగు సన్నని రాగి వంతెనలతో మాత్రమే కలుస్తుంది. వేడి పారిపోదు, అతికించేవాళ్ళ ప్రాణం హాయిగా ఉంటుంది. మా ఆఫీసులో సోల్డరింగ్ చేసే సరోజమ్మకు అందుకే నాగమణక్క బోర్డులంటే అంత ముద్దు.

ఈ ఏడాది చేసిన కొత్త బోర్డును నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో నడిపే ఎల్లేశం బండికి పెట్టి చూశాం. చదును రోడ్డు మీద బ్రహ్మాండంగా నడిచింది. ఖాజాగూడ వైపు మిట్ట ఎక్కబోయేసరికి గుప్పున పొగ! రెండో బోర్డూ అక్కడే, అలాగే కాలింది. మా యజమాని భరత్ ఓపిక గల మనిషే, కానీ ఓపికకూ ఒక హద్దుంటుంది.

“మూడోది కూడా కాలితే బయట రెడీమేడ్‌గా దొరికేవి కొనేద్దామండీ నాగమణి గారూ. మన డిజైన్ ఇక పక్కన పెట్టేద్దాం,” అన్నాడు.

నాగమణక్క నవ్వింది. నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను.

మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా కాలిన బోర్డులను భూతద్దం కింద పెట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి కేక వేసింది.

“కృష్ణప్రియా, ఇట్రా! పార్టులన్నీ బాగానే ఉండాయి, చూడు!”

చూశాను. బ్యాటరీ నుంచి వచ్చే లావు నల్ల వైరు అతికే ప్యాడ్ చుట్టూ నాలుగు వంతెనలూ మసి అయిపోయి ఉన్నాయి. మోటారు లాగిన కరెంటంతా బ్యాటరీకి తిరిగి పోయే దారి అదొక్కటే. మిట్ట మీద మోటారు మామూలు కన్నా ఎన్నో రెట్లు లాగుతుంది. అంత కరెంటునూ ఆ సన్నని వంతెనల మీదికి తోలాం.

“నా ఒట్టే దీన్ని కాల్చిందే!” అంటూ ఆవిడ కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. తన తప్పు దొరికినందుకు అంత సంబరపడే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఆ ఒక్క ప్యాడ్‌కు వంతెనలు తీసేసి, చుట్టూ రాగి పొరకు పూర్తిగా కలిపేసింది. కొత్త బోర్డు తయారై వచ్చేదాకా కాలు నిలవలేదు, మమ్మల్ని నిలవనివ్వలేదు. వచ్చింది. సరోజమ్మ ఐరన్ పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

“ఏందమ్మా గిది? ఎంతసేపు పెట్టినా కరుగుతలేదు. వేడి మొత్తం మింగుతున్నది. నువ్వు గిట్ల జేస్తవనుకోలే,” అంది.

నాగమణక్క ముఖం చిన్నబోయింది. ఎవరి తిట్లకూ తొణకని మనిషి ఆ మాటకు తల దించుకుంది. నాకు జాలేసింది. మరుక్షణం స్కూటీ తాళాలు తీసుకుని మదీనాగూడలోని ఇంటికి పరుగెత్తి, బట్టలు ఇస్త్రీ చేసే పెట్టె పట్టుకొచ్చింది!

కింది కొట్టులోంచి తెచ్చిన టైల్స్ ముక్కల మధ్య ఆ ఇస్త్రీ పెట్టెను తలకిందులుగా నిలబెట్టి, వేడెక్కాక దాని మీద బోర్డు పెట్టింది. అడుగు నుంచి రాగి పొరే వేడెక్కితే, పైనుంచి ఇచ్చే వేడిని ఇంకెంతని లాగుతుంది? పెద్ద మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్ ఆనించగానే సోల్డర్ నెయ్యిలా పారి వైరును కమ్మేసింది.

“అబ్బ! జర జరుగు, ఎర్ర వైరు నేను జేస్త,” అని సరోజమ్మ ఐరన్ లాక్కుంది.

బోర్డు బిగించాక బరువు కోసం అందరం ఆటో ఎక్కాం. ముందు ఎల్లేశం పక్కన భరత్, వెనక మేం ముగ్గురు ఆడవాళ్ళం.

“ఈపారి పొగ రాదు గద మేడం? రెండుసార్లు బండిని తోసుకుంట పోయిన,” అన్నాడు ఎల్లేశం.

“వస్తే నేనే తోస్తాలే అన్నా. పోనియ్!” అంది నాగమణక్క.

మిట్ట మొదలైంది. నాగమణక్క నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగుతున్నాయి. సగం ఎక్కాం. అంతలో రోడ్డు పక్కన కూరగాయల గంపతో ఉన్న ఒకావిడ చెయ్యి ఎత్తింది. ఎల్లేశం టక్కున బ్రేకు వేశాడు.

“ఆపొద్దు!” అని నలుగురం ఒక్కసారే అరిచాం. నిండు బరువుతో మిట్ట మధ్యలో ఆగిన బండిని కదిలించడాన్ని మించిన పరీక్ష కంట్రోలర్‌కు లేదు. ధైర్యం చాలక మేం పెట్టుకోని పరీక్ష అది.

“చెయ్యెత్తిన సవారీని ఇడిసిపెట్టి ఎట్ల పోతం సార్?” అన్నాడు ఎల్లేశం, అదేదో ధర్మశాస్త్రంలో రాసి ఉన్నట్టు.

ఆవిడ తీరిగ్గా గంప లోపల పెట్టి, “జర జరుగుండ్రి,” అంటూ నాగమణక్క ఒళ్ళో సగం కూర్చుంది. ఎల్లేశం పిడి తిప్పాడు. బండి జానెడు వెనక్కి జారింది. భరత్ కళ్ళు మూసుకున్నాడు. నాగమణక్క కాలిన వాసన కోసం ముక్కు ఎగబీల్చింది. మోటారు మూలిగింది, ఇంకాస్త మూలిగింది.

కదిలింది! ఎక్కింది! మిట్ట చివరిదాకా ఆగకుండా ఎక్కింది! మేం వేసిన కేకలకు పక్కన పోతున్న బైకులవాళ్ళు తిరిగి చూశారు. నాగమణక్క లేచి నిలబడబోయి తల పైకప్పుకు కొట్టుకుని, ఏడుస్తూనే నవ్వింది.

“ఏమైందమ్మా, గట్ల ఏడుస్తున్నవ్?” అంది కూరగాయలావిడ.

“ఎక్కిందక్కా! మిట్ట ఎక్కింది!”

“ఆటో గుట్ట ఎక్కకుంటే ఇంకేం జేస్తది?”

పైన దిగాం. మా బోర్డు విప్పి, బండికి మొదట ఉన్న పాత కంట్రోలర్‌నే మళ్ళీ పెట్టేద్దామని భరత్ స్క్రూడ్రైవర్ తీశాడు. ఎల్లేశం అడ్డంగా చెయ్యి పెట్టాడు.

“ఇగ దీన్ని ఇప్పొద్దు సార్. గిది నా బండికే ఉండనియ్యుండ్రి. లోపల సవారీ కూసున్నది, నేను పోత.”

అని నిజంగానే వెళ్ళిపోయాడు. నలుగురం రోడ్డు మీద మిగిలాం.

“అది మన ఒక్కగానొక్క బోర్డండీ!” అన్నాడు భరత్ బిక్కమొహం వేసి.

“పోనియ్ సార్. ఇంగ బోలెడు చేసుకుందాం,” అంది నాగమణక్క, కళ్ళైనా తుడుచుకోకుండా.