పొద్దున్నించీ తెరిచి ఉన్న ఫైలు

ఆసుపత్రి కంప్యూటర్ల గదిలో ఆమెను అందరూ తాళాలక్క అంటారు. మధ్యలో నకలు తీసుకోకుండా, కరెంటు పోయినా చెరగని మెమరీలోంచి ఏ ఫైలునైనా నేరుగా, వేగంగా చదవాలంటే, దానికి అనుమతి గుర్తు పెట్టాల్సింది ఆవిడే. అడిగినవాళ్లందరికీ పెట్టదు. కళ్లజోడు నెత్తిమీదికి తోసి, "అందరూ తిన్నగా వంటింట్లోకే వస్తామంటే ఎలాగమ్మా?" అంటుంది. ఆరోజు స్కాను బొమ్మలు నత్తనడక నడుస్తున్నాయి. ఆపరేషను చేయాల్సిన డాక్టరు కిందినుంచి ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఆవిడ బొమ్మల ఫైలుకు గుర్తు పెట్టింది. వేగం పెరగలేదు. తెరిచినవాళ్లంతా మూస్తేగాని ఆ గుర్తు పనిచేయదని ఆవిడకు కంఠతా వచ్చు. చెప్పులు టపటపలాడించుకుంటూ గదిగదికీ తిరిగి, "ఒక్క నిమిషం మూసెయ్యండి నాయనా!" అని బతిమాలి అందరిచేతా మూయించింది. తిరిగొచ్చి చూస్తే అదే నత్తనడక.

"ఎవడో ఇంకా పట్టుకు వేలాడుతున్నాడే!" అని పళ్లు నూరింది.

పక్క బల్ల అమ్మాయి ఆవిడ కంప్యూటరు వైపు వేలు చూపించి, "అక్కా, మరి ఇదో?" అంది. వేగం పెరిగిందో లేదో చూసుకోవడానికి పొద్దున్నించీ ఆ ఫైలు తెరిచిపెట్టుకుని కూర్చున్నది తాళాలక్కే.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను కదే!" అని పగలబడి నవ్వి, మూసేసింది. ఏమైందో చూద్దామని మళ్లీ తెరవబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరూ ఫోను వైపే చూస్తూ కూర్చున్నారు. అది ఇక మోగలేదు.