గాలి తగలని మట్టి రంగు

మేరీ రత్నంగారు ఫోన్ చేసి ఉండకపోతే ఈ ప్రయాణం పెట్టుకునేదాన్ని కాదు. విజయవాడలో ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో పదకొండేళ్ళుగా మట్టి పరీక్షలు చేస్తున్నాను. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. దివిసీమలో, అవనిగడ్డ దాటాక ఒక ఊళ్ళో తమ్ముడితో కలిసి రెండెకరాల వరి వేస్తారు. ఎండాకాలంలో ఆవిడ పంపిన మట్టికి రిపోర్టు రాసింది నేనే. ఇనుము మామూలుగానే ఉంది, ఇబ్బంది లేదు అని రాశాను. నాట్లు వేసిన కొన్ని వారాలకి ఫోను. "ఆకుల మీద ఇటుకరంగు మచ్చలు పడుతున్నాయండీ. మీ రిపోర్టు ప్రకారం పడకూడదు కదా. ఒకసారి వచ్చి చూడగలరా?" ఆవిడ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే ఫోన్లోనే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్నేమో.

సెప్టెంబరులో ఒక బుధవారం ఉదయం ఐదున్నరకి గుడివాడ మీదుగా మచిలీపట్నం వెళ్ళే బస్సెక్కాను. అవనిగడ్డకి ఉయ్యూరు మీదుగా నేరుగా బస్సులున్నాయి, తొందరగా చేరాలంటే అదే దారి. నేను దారిపొడుగునా మట్టి చూసుకుంటూ వెళ్దామని చుట్టుదారి పట్టాను. గుడ్లవల్లేరు దగ్గర కాలవలో పూడిక తీసి గట్టున పోశారు. నిన్న తీసిన కుప్ప గోధుమరంగులో ఉంది, అప్పుడే తీస్తున్నది నీలం కలిసిన బూడిదరంగులో ఉంది. నా బల్ల మీదికి వచ్చే మట్టి ఎప్పుడూ ఎండి, దంచి, జల్లెడ పట్టి వస్తుంది. అది ఏ రంగునుంచి ఆ రంగుకి మారి వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు.

ఎనిమిది దాటాక మచిలీపట్నంలో దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని చల్లపల్లి బస్సు పట్టుకున్నాను. అక్కడినుంచి అవనిగడ్డ వెళ్ళేలోపు ఆటోలో ఘంటసాల వైపు వెళ్ళొచ్చాను. అక్కడి పాత బౌద్ధ స్తూపం చూడాలనుకునేవాళ్ళు గంట సమయం ఉంచుకుంటే చాలు. నేను మాత్రం దారిలో ఒక ఇటుకబట్టీ దగ్గరే ఆగిపోయాను. వానలకి పని ఆపేశారు. కాపలా ఉన్న పెద్దాయన ఒక విరిగిన ఇటుక చేతికిచ్చారు. పైన ఎరుపు, నడుమ నలుపు.

"లోపలి మట్టి వేరేదా అండీ?" అన్నాను.

"ఒకటేనండి. మంట తగిల్తే సరిపోదు, గాలీ తగలాలి. గాలాడని చోట ఎర్రబడదు."

నాకు తెలిసిన శాస్త్రమే అది. బంకమన్ను అంటే కంటికి కనిపించనంత పల్చటి పొరల దొంతర. ఇనుము ఆ పొరల మీద తుప్పులా అంటుకుని ఉండటమే కాదు, కొంత ఇనుము పొర ఏర్పడేటప్పుడే అల్యూమినియం కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. నీళ్ళు నిలబడి గాలి అందకపోతే సూక్ష్మజీవులు ఇనుముని ఆధారం చేసుకుని బతుకుతాయి. పైపైన ఉన్న ఇనుము నీళ్ళలో కరిగి వేళ్ళకి చేరుతుంది. పొరలోపలి ఇనుము చాలావరకు కదలదుగాని దాని స్థితి మారుతుంది, మట్టి నీలిబూడిదగా తిరుగుతుంది. అప్పుడా పొరలు పొటాషుని తమ మధ్య గట్టిగా పట్టేసుకుంటాయి. పైరుకి ఇనుము ఎక్కువ, పొటాషు తక్కువ, ఆకుల మీద మచ్చలు అందుకే. ఎండిన మట్టిలో ఇవేవీ కనపడవు.

ఆవిడ ఊరు చేరి ఒంటిగంటకి చేలో దిగాను. మేరీ రత్నంగారు చీర కొంగు దోపుకుని నాకంటే ముందే దిగారు. నేను గొట్టం దింపి తీసిన మట్టిని గట్టుమీద పడుకోబెట్టాను. బూడిదరంగు మట్టిలో వేళ్ళ చుట్టూ మాత్రం తుప్పు తొడుగులు. మేం మాట్లాడుతుండగానే మట్టి పైభాగం గోధుమరంగుకి తిరగసాగింది.

ఆవిడ దాన్నే చూస్తూ, "మీ దగ్గరికి వచ్చేసరికి ఇది ఇంకో మట్టి అయిపోతుందన్నమాట," అన్నారు.

"అవునండీ. నేను రాసింది ఎండిన మట్టి గురించి. మీ చేను గురించి కాదు. అది రిపోర్టులో చెప్పాల్సింది, చెప్పలేదు."

ఆవిడ తమ్ముడు ప్రకాశం గట్టుమీదే నిలబడ్డాడు. "ఈ పంట పోతే రొయ్యల చెరువుకి లీజుకిచ్చేద్దాం అన్నానండి. అక్క ఒప్పుకోవట్లేదు."

"ఒకసారి ఉప్పునీళ్ళు పెడితే మళ్ళీ వరి ఎప్పుడు పండుతుందిరా?" అన్నారావిడ, చేలోంచి తలెత్తకుండానే.

నీళ్ళు తీసేసి, సన్నగా నెర్రెలు కనిపించేదాకా ఆరబెట్టి, తర్వాత పొటాషు వేయమన్నాను. ప్రకాశం ఒప్పుకోలేదు. "మాది కాలవ చివర. ఉన్న నీళ్ళు వదిలేశాక మళ్ళీ మా నీటి వంతు ఎప్పుడొస్తుందో మీరు చెప్పగలరా?" చెప్పలేనన్నాను. తప్పకుండా కోలుకుంటుందని కూడా చెప్పలేనన్నాను. మేరీ రత్నంగారు పార తీసుకుని తానే గట్టు తెగ్గొట్టారు. నీళ్ళు మురుగుకాలవలోకి పోతుంటే ప్రకాశం చూస్తూ నిలబడి, తర్వాత ఆవిడ చేతిలోంచి పార తీసుకుని గండి వెడల్పు చేశాడు.

మూడు వారాల తర్వాత ఆవిడ ఫోటోలు పంపారు. మెరక వైపు కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. పల్లం వైపు నీళ్ళు సరిగా దిగక అక్కడి పైరు తేరుకోలేదు. పంటకాలం అయ్యాక పల్లం ముక్కని ప్రకాశం రొయ్యల చెరువుకిచ్చాడు. మెరక ముక్క ఆవిడ ఉంచుకున్నారు, ఉప్పునీళ్ళు ఇటు రాకుండా మధ్య గట్టు మాత్రం ఎత్తుగా వేయించుకున్నారు.

పొరలోంచి కదిలే ఆ కాస్త ఇనుము బయటికి రావడానికి రోజులు చాలు, అది తిరిగి పొరలో భాగం కావడానికి ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలియదు. ఆరిన మట్టి పాత రంగుకి వస్తుంది, పూర్తిగా పాత మట్టి మాత్రం కాదు. రిపోర్టు కింద ఇప్పుడొక వాక్యం కలిపాను: ఈ ఫలితం ఎండిన నమూనాదే, నీళ్ళు నిలిచిన చేనుకి వర్తించకపోవచ్చు. దానికి ల్యాబు యజమాని ముఖం చిట్లించారుగాని తీసేయమనలేదు. ఇక మీరు చేలో దిగేట్టయితే ఒక మాట. ఆ మట్టి పడ్డ బట్టని తడిగా ఉన్నప్పుడే ఉతకండి. ఆరాక పడే తుప్పు మరకకి సబ్బు పనిచేయదు, నిమ్మరసం రుద్ది ఎండలో వేస్తే చాలావరకు పోతుంది.