వెనక్కి తిప్పిన సుబేదారుగారు

పోయిన ఆదివారం పొద్దున్న మా పై వాటా సుబేదారుగారు గుండెపోటుతో కన్నుమూశారు. ఢిల్లీ పాలంలో పదేళ్ళు ఒకే మెట్లు ఎక్కి దిగినవాళ్ళం. బాధ ఎలాగూ ఉంది. కానీ నా చేత ఈ నాలుగు ముక్కలు రాయిస్తున్నది బాధ కాదు, ఒళ్ళుమంట.

కరోల్ బాగ్‌లో మనవాళ్ళు సంతాప సభ పెట్టారు. మా ట్రెక్కింగు బృందం అధ్యక్షుడు మైకు పట్టుకుని, సుబేదారుగారు వెనకడుగు ఎరగని వీరుడన్నాడు, హిమాలయాలను జయించారన్నాడు. ఇదే పెద్దమనిషి రెండేళ్ళ కిందట ఆయన్ని పిరికివాడని, ఇంకెప్పుడూ వెంట తీసుకెళ్ళొద్దని తీర్మానం చేయించాడు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు.

జరిగింది చెబుతాను. ఆ డిసెంబరు సెలవులకు పన్నెండుమందిమి హిమాచల్ కొండల్లోకి వెళ్ళాం, దారి చూపడానికి సుబేదారుగారు వచ్చారు. శ్రీకాకుళం మనిషి, మిలటరీ సర్వీసులో సగం మంచు పోస్టుల్లోనే గడిపారు. అప్పటికి మంచు పడడం మొదలై మూడు వారాలు కాలేదు, మోకాలి లోతు కూడా లేదు. పల్చగా ఉందని నమ్మొద్దనేవారాయన. ఒక్కొక్కరి నడుముకు పొడుగాటి ఎర్ర తాడు కట్టి, వెనక ఈడ్చుకుంటూ నడవమన్నారు. మంచు జారి మనిషి కూరుకుపోయినా తాడు కొస పైకి తేలి ఆచూకీ చెబుతుందట. వాలు మీద ఒకరు దాటాకే మరొకరు కదలాలి. మేము ఆ తాళ్ళకు తోకలని పేరు పెట్టి నవ్వుకున్నాం.

సోమవారం కనుమ దాటాలి. ఎండ తగలకముందే, ఏడింటికల్లా వాలు దాటేయాలని ఆయన ముందురోజే చెప్పారు. ఆ చలిలో లేచిందెవరు? టీలు తాగి బూట్లు తొడుక్కునేసరికి ఏడున్నర. అప్పుడు అధ్యక్షుడికి రాహుకాలం గుర్తొచ్చింది. తొమ్మిది దాకా కదలడానికి వీల్లేదన్నాడు. ఢిల్లీలో ఆఫీసు బస్సెక్కేటప్పుడు ఏ సోమవారమూ అడ్డురాని రాహుకాలం అక్కడ అడ్డొచ్చింది.

"మంచుకి ఎండే రాహుకాలం బావూ" అని మాత్రం అన్నారు సుబేదారుగారు.

పదింటికి మేం చేరేసరికి వాలు నిండా ఎండ. ఆయన పారతో చిన్న గొయ్యి తవ్వి చూపించారు. పైన కొత్త మంచు పలకలా బిగిసి ఉంది. అడుగున మొదట పడ్డది పంచదారలా చేతిలోంచి జారిపోయింది. దీని మీద ఆ పలక నిలవదు, వెనక్కి పోదామన్నారు. సెలవులు పెట్టుకుని వచ్చింది ఇందుకా అని తలా ఒక మాటా అన్నాం.

"ఠీక్ హై, మీకు భయమైతే ఇక్కడే కూర్చోండి, మేం పోతాం" అన్నాడు అధ్యక్షుడు.

ఆయన నిజంగానే దారికి అడ్డంగా మంచులో చతికిలబడ్డారు. "నన్ను తొక్కీసి ఎల్లండి" అన్నారు.

ఎవరూ తొక్కలేదు, వెనక్కి దిగాం. కింది నుంచి సాయంత్రం దాకా చూశాం, గుప్పెడు మంచైనా జారలేదు. అదే ఆయన నేరమైపోయింది. తిరుగు ప్రయాణంలో ఒక్కరూ ఆయనతో మాట్లాడలేదు. తీర్మానానికి చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ మాట రాయకుండా ఇంకొకరిని తిట్టే హక్కు నాకు లేదు.

చాలా రోజుల తర్వాత మెట్ల మీద సుబేదారుగారిని క్షమించమని అడిగాను. జారకపోవడమే మంచిది కదా అన్నారు. సర్వీసులో ఉండగా ఇలాంటి తొలి మంచులోనే, పై అధికారి మాట కాదనలేక ఇద్దరు కుర్ర జవాన్లను వాలు మీదికి పంపారట. వాళ్ళు తిరిగి రాలేదని చెప్పి, పాల ప్యాకెట్లు తీసుకుని పైకి వెళ్ళిపోయారు.

సభలో నేను లేచాను. ఆయన వెనకడుగు ఎరగనివాడు కాదు, మన పన్నెండుమందినీ వెనక్కి నడిపించినవాడు అన్నాను. అధ్యక్షుడు శాలువా సర్దుకున్నాడు.

బయటికొచ్చాక సుబేదారుగారి భార్య నన్ను పక్కకు పిలిచారు. మా మాటలకు ఆయన ఎంత కుమిలిపోయారో చెబుతారనుకుని తల వంచుకున్నాను.

"ఆ కొండల్నుంచి ఒచ్చినరోజు, డాబా మీద ఎండలో బూట్లైనా ఇప్పకుండా తొంగున్నారు బావూ" అన్నారావిడ. "ఆ ఇద్దరు జవాను పిల్లలూ పోయిన కాడినుంచీ, ఆ మనిషి అలా నిద్దరోడం నాను సూడ్నేదు."