పదహారు పుల్లలు

బస్సులో నలభై మందిని ఒక్క కేకతో ముందుకు జరిపిన కండక్టరు, నోటి క్యాన్సర్ ఆపరేషన్ జరిగి నెల దాటినా నోరు విప్పడు. సగం నాలుక పోయింది. ఏది కావాలన్నా పలక మీద రాస్తాడు, గోడవైపు తిరిగి తింటాడు, నిమిషానికోసారి తువ్వాలుతో చొంగ తుడుచుకుంటాడు. దవడ బిగుసుకోకుండా రోజూ పొద్దున్నే ఐస్‌క్రీం పుల్లలు దొంతిగా పేర్చి పళ్ల మధ్య దూర్చుకోవడం మాత్రం మానడు. అది నేర్పింది వడ్రంగి. ఆరేళ్ల కిందట అదే ఆపరేషన్ చేయించుకున్నవాడు, వారానికోసారి వచ్చి చూసిపోతాడు.

నిన్న పదహారు పట్టాయి. ఇవాళ పద్నాలుగు దగ్గరే ఆగిపోయాయి. కండక్టరు పలక అందుకున్నాడు. వడ్రంగి గుమ్మంలో కనబడగానే, భార్య చూడకుండా పలక తిప్పాడు: "జబ్బు తిరగబెట్టింది." వడ్రంగి పుల్లల్ని వేళ్ల మధ్య నలిపి చూసి, ముద్దముద్దగా అడిగాడు. "ఇవి తడిగా ఉన్నాయేంటమ్మా?" "క్రిములు పోవాలని రాత్రంతా నీళ్లలో నానబెట్టారన్నయ్యా." "నానితే చెక్క ఉబ్బదూ? నీ దవడకేం కాలేదయ్యా!" తను తెచ్చిన కొత్త కట్ట విప్పి పేర్చాడు. పదహారూ పట్టాయి. పదిహేడోదీ పట్టింది. "ఇక బండి కదలొచ్చా?" అన్నాడు. కండక్టరు పుల్లలు తీసి, చొంగ కారుతున్నా తువ్వాలు వెతుక్కోకుండా అన్నాడు: "రైట్... రైట్."