‘పడొచ్చు’ అన్నందుకు

భిక్షపతి సారు ఇక లేరన్న వార్త మొన్న పొద్దున పాలు పోసే అతని నోట విన్నాను. "పండిత్ సారూ, బోర్డు సారు పోయిండంట" అని క్యాను కింద పెట్టకుండానే చెప్పాడు. ముందురోజు సాయంకాలం నా పక్కన కూర్చుని, చక్కెర తక్కువైందని అలిగి రెండో చాయ్ చెప్పించుకున్న మనిషి తెల్లవారేసరికి దివంగతుడయ్యాడంటే బుద్ధి అంగీకరించలేదు. ఇప్పుడీ నాలుగు మాటలు రాస్తుంటే దుఃఖం కంటే కోపమే ముందుకొస్తున్నది. దాన్ని దాచుకోను.

కోస్గి తొవ్వలో ఉన్న మా చిన్న పట్నంలో, ఒకే ఉన్నత పాఠశాలలో ఆయన సాంఘికశాస్త్రం, నేను తెలుగు బోధించాం. చేనేత కుటుంబంలో పుట్టినవాడు. పడుగు నూలును వీధిలో బారుగా సాగదీసి గంజి పెట్టాలంటే ముందు ఆకాశాన్ని చూడవలసిన ఇంట్లో పెరిగాడు. ఉద్యోగ విరమణానంతరం ఇంటి గోడకు నల్లబోర్డు బిగించి, ప్రతి అంగడి రోజు ఆ వారపు వాతావరణాన్ని దానిమీద రాసేవాడు. జిల్లాకంతటికీ ఇచ్చే సూచనను మా ఊరి ఆకాశంతో సరిచూసి మరీ రాసేవాడు.

భాష విషయంలో మా ఇద్దరికీ నిత్య కలహం. "‘ఆకాశం మేఘావృతమై ఉండును’ అని రాయవయ్యా, బోర్డుకు గౌరవముంటది" అని నేను పోరేవాణ్ని. "గౌరవం నువ్వే పెట్టుకో పండితా. ‘మొగులు పట్టుకుంటది’ అంటే అంగడికొచ్చిన అవ్వకు సుత సమజైతది" అని కొట్టిపారేసేవాడు. మేఘాలకు ఆయన పెట్టుకున్న పేర్లూ అటువంటివే. చాలా ఎత్తున ఈకల్లా సాగేవి పింజ మొగులు. తెల్లగా కుప్పలు పోసినట్టుండేవి దూది మొగులు. ఆకాశమంతా బూడిదరంగున కప్పేసి ముసురు పెట్టేది దుప్పటి మొగులు. ఎండాకాలం సాయంత్రాలు పడమట నిలువునా లేచి గర్జించేది ఉరుము మొగులు. "నలుపు జూసి ఉరుకకుండ్రి. అది పెరుగుతాందా, చెదురుతాందా, గది జూడుండ్రి" అని పిల్లలకు చెప్పేవాడు.

వాన లేదని రాస్తే నేతగాళ్లు పిలిచి చాయ్ తాగించేవాళ్లు, రైతులు మొహం తిప్పుకునేవాళ్లు. వాన ఉందని రాస్తే అటుదిటు. "నేనేమన్న నీళ్లు కుండల దాసిపెట్టుకొని గూసున్ననారా!" అని ఆయన విసుక్కుంటుంటే మేం పడీపడీ నవ్వేవాళ్లం.

ఆ నవ్వు కొన్నేండ్ల కింద ఒక మృగశిర కార్తెలో ఆగిపోయింది. బోర్డు మీద ఆయన రాసింది ఇది: "ఈ వారం వాన పడొచ్చు. భూమి బాగ తడిసినంకనే పత్తిగింజ పెట్టుండ్రి." విత్తనాల దుకాణం నడిపే ఒక పెద్దమనిషి, పేరు రాసి ఈ కాగితాన్ని మైల చేయను, మొదటి వాక్యం ఒక్కటే ఫోటో తీసి ఊరందరి ఫోన్లకూ పంపాడు. చదివినవాళ్లు మిగతా పని పూర్తిచేశారు. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట, "వాన పడ్తదని సారు రాసిండంట." గింజలు పెట్టారు. ఒక జల్లు కొట్టి పోయింది. ఎండలు మళ్లీ ముదిరాయి. గింజ నేలలోనే మాడిపోయింది.

అందరూ కలిసి ఆయన ఇంటిమీదికి వచ్చారు. ముందు నిలబడ్డది ఆ దుకాణందారే.

"నీ మాట నమ్మి ఆగమైనం సారూ!"

"పడ్తదని నేనెక్కడ రాసిన్నయ్యా? పడొచ్చు అంటి గద!"

"అన్నీ ఒకటే!" అంటూ బోర్డుకు తారు పూశారు.

అన్నీ ఒకటేనట! ‘వచ్చు’ అన్నది సంభావనార్థకమే గాని నిశ్చయార్థకం కాదని వీళ్లకు తొమ్మిదో తరగతిలో నేనే చెప్పాను. గొంతు చించుకొని మరీ చెప్పాను. ఛీ, ఒక క్రియ చివరి రెండక్షరాలు చదవలేని ఊరు ఒక సజ్జనుణ్ణి దోషిని చేసింది.

ఆ తర్వాత ఆయన సుద్దముక్క పట్టలేదు. మళ్లీ రాయమని బతిమాలితే, "ఏం రాయాలె పండితా? మన ఊర్ల ‘పడొచ్చు’ సచ్చిపోయింది" అన్నాడు. ఆ మాట నా గుండెలో ముల్లులా ఉన్నది. మరుసటేడు అకాల వర్షానికి వీధిలో పడుగులు తడిసిపోతే నేతగాళ్లొచ్చి, "తెలిసి సుత చెప్పకపోతివి సారూ" అని నిష్ఠూరమాడారు. చెప్పినా తప్పే, చెప్పకున్నా తప్పే!

నిన్న బడిలో సంతాపసభ పెట్టారు. ఆ దుకాణందారే పెద్ద దండ తెచ్చి, ఆయనను ‘వాతావరణ బ్రహ్మ’ అని కీర్తించి, కండ్లు కూడా తుడుచుకున్నాడు. భిక్షపతి భార్య యాదమ్మ వదిన మెల్లగా లేచి నిలబడ్డది.

"దండెందుకు బిడ్డా? ఆయన బతికున్ననాడు ఇంటికొచ్చి తప్పైందని ఒక్క మాటంటే, గా తారు ఆయనే గీక్కొని మల్ల రాస్తుండె. గా మాట కోసమే రోజు దర్వాజ దిక్కు జూసేటోడు."

దుకాణందారు ఫోన్ తీసి చూసుకున్నాడు.

మిత్రమా భిక్షపతీ, ఆ ఒక్క మాటకు నువ్వు నోచుకోలేదు. నిన్ను పోగొట్టుకున్నామని ఈ ఊరికి ఇంకా తెలియనైనా తెలియదు. నీ నిష్కల్మష స్మృతికి చేతులెత్తి మొక్కడం తప్ప నేను చేయగలిగింది లేదు.

సభ ముగిసి బయటికొచ్చేసరికి పడమటంతా నల్లబడి ఉన్నది. అది పెరుగుతున్నదో చెదురుతున్నదో నాకు అంతుపట్టలేదు. దుకాణందారు తల పైకెత్తి చూసి, కంగారుగా నా దగ్గరికొచ్చాడు.

"సారూ, మార్కెట్ యార్డుల వడ్లు ఆరబోసినం. వాన పడ్తదంటరా?"

"అడగాల్సిన మనిషిని నిన్ననే మట్టి చేసి వచ్చినం గదయ్యా" అన్నాను.