మంచోడేనండి

వేమూరు దగ్గర మా కాలువ షట్టర్లు ఎత్తి దించే లస్కరు ఎవరి గురించి అడిగినా ఒకటే మాట అనేవాడు: "మనిషి మంచోడేనండి." తనను బూతులు తిట్టినవాళ్ళ గురించీ, రాత్రికి రాత్రి గట్టు తెగ్గొట్టినవాళ్ళ గురించీ అదే మాట. వింటే నాకు ఒళ్ళు మండేది.

వానలు ముఖం చాటేసిన ఏడాది నీళ్ళు వంతులవారీగా వదిలారు. మా వరి పొట్ట మీదుంది. మా వంతు అయిపోగానే ఆయన వచ్చి షట్టరు దించేశాడు.

"ఒక్క పూట ఆగు బాబాయ్."

"కింద రేపల్లె వైపు చేలు బీటలిచ్చినయ్ అబ్బాయ్."

చేతిలో ఉన్న పార తిరగేసి ఆయన నెత్తిమీద కొట్టాను. ఎముక చిట్లిన చప్పుడైంది. ఆయన గట్టు మీద పడి కాళ్ళు కొట్టుకున్నాడు. పార మళ్ళీ ఎత్తాను గానీ, ఆ నెత్తురు చూసి అవతల పారేశాను.

నా తువ్వాలుతోనే తలకు కట్టు కట్టి, ఆయన్ని బండి మీద నా నడుముకు కట్టేసుకుని తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఆయన నెత్తురు నా వీపు మీద వెచ్చగా కారింది.

కుట్లు వేస్తూ డాక్టరు ఏం జరిగిందని అడిగాడు.

"జారి పడ్డానండి. ఈ అబ్బాయే మోసుకొచ్చాడు. మనిషి మంచోడేనండి."

ఆయన్ని బండెక్కించే ముందు నేను వెళ్ళి షట్టరు మళ్ళీ పైకెత్తి వచ్చానని ఆయనకు తెలియదు.