సాసరులో సగం చాయ్

మా అత్తమ్మ గుర్తొస్తే, సూరత్ మరమగ్గాల చప్పుడును మించిన ఆమె గొంతే ముందు వినిపిస్తుంది. "సర్కారు ఈ సీరియల్ బంద్ చెయ్యాలె! నాకేం గాదు గానీ, జనం ఖరాబైతరు." అలా అంటూనే ఒక్క రోజూ మానకుండా చూసేది.

ఓ సాయంత్రం సీరియల్లో కోడలు అత్త చాయ్‌లో విషం కలిపింది. మర్నాడు నేను చాయ్ ఇస్తే, అత్తమ్మ ఎప్పటిలాగే సగం సాసరులో పోసింది. కానీ తాగకుండా నా ముందుకు జరిపింది.

"ముందు నువ్వు తాగు బిడ్డా, అలిసిపోయినవ్."

తాగాను. కాసేపు నా ముఖాన్నే చూసి, అప్పుడు నిశ్చింతగా కప్పెత్తింది.

"గిసొంటివి చూసి పక్కింటామె కోడల్ని అనుమానిస్తది," అంది జాలిగా. "పాపం ఆ పిల్ల!"